ముల్లు మాట ఎంతవరకు నమ్మాలి: పాత జీపు డీజిల్ గేజి, అనుమాన ప్రమాణం

పాత జీపు డాష్‌బోర్డులో ఉండే డీజిల్ గేజి దగ్గరికి డీజిల్ చుక్క కూడా రాదు. వచ్చేది కరెంటు ఒక్కటే. ముల్లు సగం దగ్గర నిలిచి ఉంటే డ్రైవరు సగం ట్యాంకు ఉందనుకొని బండి తీస్తాడు. కంటికి కనపడింది ముల్లు, తెలిసిందనుకున్నది డీజిల్. కనపడినదాని నుంచి కనపడనిదానికి బుద్ధి ఎలా దాటుతుంది, ఆ దాటడాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది భారతీయ తర్కశాస్త్రం రెండు వేల ఏళ్ళుగా వదలకుండా విచారించిన ప్రశ్న. పాడైన గేజిని విప్పి కొత్తది బిగించే పనిలో ఆ ప్రశ్న మొత్తం చేతికి అందే రూపంలో ఉంది.

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. అక్కడిదాకా ఈ ప్రశ్నకు పెద్ద పదును ఉండదు, దారి పొడుగునా బంకులు ఉంటాయి. గోదావరి వంతెన దాటాక పరిస్థితి వేరు. ఒకవైపు దుమ్ముగూడెం, చర్ల; మరోవైపు 30వ నంబరు జాతీయ రహదారి మీద చింతూరు, కుంట; చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్. రహదారి వదిలి లోపలి కోయ గూడేలకు, కొండరెడ్ల ఊళ్ళకు మళ్ళితే టేకు, మద్ది, ఇప్ప చెట్ల మధ్య మట్టిబాటే గతి. ఈ దారుల్లో పాత మహీంద్రా జీపులు, కమాండర్లు, ట్రాక్సులు, 1985లో మార్కెట్లోకి వచ్చిన మారుతి జిప్సీలు ఏళ్ళ తరబడి తిరిగాయి. వీటిలో ఇంజను చెడి ఆగిన బండి ఎంత సాధారణమో, గేజి పనిచేయని బండీ అంత సాధారణం. ఇంజను చెడితే వెంటనే బాగు చేయిస్తారు. గేజి చెడితే అలవాటు పడిపోతారు.

అలవాటు పడటం చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ డీజిల్ బండి విషయంలో దాని ఖరీదు ఎక్కువ. పెట్రోలు అయిపోయిన బండిలో పెట్రోలు పోస్తే చాలావరకు మళ్ళీ కదులుతుంది. డీజిల్ పూర్తిగా అయిపోతే గొట్టాల్లోకి గాలి చేరుతుంది. అప్పుడు క్యానుతో పదిలీటర్లు తెచ్చి పోసినా స్టార్టు కాదు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొడుతూ, నురగ పోయి చిక్కటి డీజిల్ కారేవరకు ఎయిర్ తీయాలి. ట్యాంకు అడుగున ఏళ్ళుగా పేరుకున్న మడ్డి, తుప్పు కూడా ఆ చివరి చుక్కలతో కలిసి ఫిల్టరుకు చేరుతుంది. వానాకాలం, చీకటి పడ్డాక, పురిటి నొప్పులు పడుతున్న మనిషి వెనక సీట్లో ఉండగా ఇది జరగకూడదు.

గేజిలో రెండు భాగాలు. ట్యాంకులో ఉండేదాన్ని మెకానిక్కులు ట్యాంకు యూనిట్ అంటారు. సన్నని కమ్మీ చివర ఇత్తడిదో ప్లాస్టిక్‌దో ఒక ఫ్లోటు డీజిల్ మీద తేలుతుంది. డీజిల్ తగ్గితే ఫ్లోటు దిగుతుంది, కమ్మీ తిరుగుతుంది, కమ్మీ రెండో చివర ఉన్న చిన్న రాగిరేకు ఒక తీగచుట్ట మీద జరుగుతుంది. రేకు ఎక్కడ ఆనింది అన్నదాన్ని బట్టి ఆ మార్గంలో కరెంటుకు ఎదురయ్యే నిరోధం మారుతుంది. ఆ కరెంటు ట్యాంకు లోహం ద్వారా, ఛాసిస్ ద్వారా బ్యాటరీకి తిరిగి చేరాలి. దాన్నే ఎర్త్ అంటారు. రెండో భాగం డాష్‌బోర్డులోది. పాతకాలపు గేజిల్లో ఎక్కువగా రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది, దాని చుట్టూ సన్నని తీగ. కరెంటు పోతే తీగ వేడెక్కుతుంది, రెండు లోహాలు వేర్వేరుగా వ్యాకోచించి పట్టీ వంగుతుంది, వంగిన పట్టీ ముల్లును నెడుతుంది. వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది కనుక తాళం తిప్పగానే ముల్లు నెమ్మదిగా లేస్తుంది. గతుకుల్లో డీజిల్ అల్లల్లాడినా ముల్లు ఊగకుండా నిలబడేది ఆ నిదానం వల్లనే. బ్యాటరీ వోల్టేజీ పెరిగినా తరిగినా గేజి మీద ప్రభావం పడకుండా వీటికి ఒక స్టెబిలైజరు కూడా పెడతారు. చాలా బండ్లలో ఇంజను వేడి చూపే ముల్లు కూడా దాని మీదే ఆధారపడుతుంది.

అంటే ట్యాంకులో డీజిల్ ఎత్తు కోణంగా, కోణం నిరోధంగా, నిరోధం కరెంటుగా, కరెంటు వేడిగా, వేడి వంపుగా, వంపు ముల్లు స్థానంగా మారింది. ఆరు మార్పుల తర్వాత డ్రైవరు చూసేది చిట్టచివరి దాన్ని. తర్కశాస్త్రం ఇలాంటి జ్ఞానాన్ని ప్రత్యక్షం అనదు, అనుమానం అంటుంది. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు. గుర్తును పట్టుకొని, గుర్తుకూ వస్తువుకూ ఉన్న విడదీయరాని సంబంధాన్ని తలచుకొని, కనపడని వస్తువును నిశ్చయించడం.

తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం సంస్కృతంలో తర్కం మొదలుపెట్టే చాలామంది విద్యార్థులు తెరిచే తొలి పుస్తకం. అందులో అనుమానానికి వాడిన ఉదాహరణ అందరికీ తెలిసిందే: కొండ మీద పొగ, పొగను బట్టి నిప్పు. భద్రాచలం అడవుల్లో ఇది పుస్తకంలోని ఉదాహరణగా మిగిలిపోదు. ఇప్పపూల కాలంలో చెట్టు కింద ఆకులు ఊడ్చి నిప్పు పెడతారు, పోడు కొట్టిన చోట ఎండిన కొమ్మలు తగలబెడతారు. దూరపు గుట్ట మీద పొగ లేస్తే అక్కడ నిప్పుందని ఊళ్ళోవాళ్ళు చెబుతారు. చలికాలం తెల్లవారుజామున అదే గుట్ట మీద లేచే మంచును పొగ అనుకుంటే మాత్రం మొత్తం తలకిందులవుతుంది. గుర్తుగా పట్టుకున్న హేతువు అసలు అక్కడ లేనే లేదు. తర్కం దీన్ని అసిద్ధ హేతువు కింద లెక్కిస్తుంది.

పొగకూ నిప్పుకూ మధ్య ఉన్న నియత సంబంధాన్ని వ్యాప్తి అంటారు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది. దీన్ని తిరగేసి, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనకూడదు. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీలో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే పచ్చి కట్టె తగలాలి. అలా బయటికి చెప్పకుండా లోపల దాగి సంబంధాన్ని నిలబెడుతున్న షరతును తార్కికులు ఉపాధి అన్నారు. ఉపాధి ఉన్నదని తెలిస్తే ఆ వ్యాప్తిని వ్యాప్తిగా ఒప్పుకోరు. తర్కశాస్త్రం మొత్తంలో గేజి పనికి ఇంతకంటే దగ్గరి మాట లేదు. ముల్లు నిండుగా చూపితే ట్యాంకు నిండుగా ఉంటుంది అనే వాక్యం నిండా ఉపాధులే. ఎర్త్ సరిగా ఉంటే. ఫ్లోటులో చిల్లు లేకపోతే. తీగచుట్ట అరగకపోతే. గేజీ, ట్యాంకు యూనిటూ ఒకే కొలతవైతే. బండి చదునుగా నిలబడి ఉంటే. చివరిది కొత్త గేజికి కూడా వర్తిస్తుంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు డీజిల్ ట్యాంకులో వెనక్కి ఒరుగుతుంది. ఫ్లోటు ట్యాంకులో ఏ వైపున ఉందో దాన్ని బట్టి అదే డీజిల్‌కు ముల్లు ఎక్కువ చూపవచ్చు, తక్కువ చూపవచ్చు. ముల్లును చదునైన చోట చదవాలని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

ఉపాధుల్లో ఎక్కువసార్లు తెగేది ఎర్త్. అడవి దారిలో వానకూ బురదకూ తడిసి, ఎండకు ఎండి, ట్యాంకుకూ ఛాసిస్‌కూ మధ్య బోల్టు కింద తుప్పు పొర కడుతుంది. తుప్పు కరెంటుకు అడ్డు. దాని నిరోధం ట్యాంకు యూనిట్ నిరోధానికి కలుస్తుంది. గేజి దృష్టిలో ఈ రెండూ ఒకటే, ఏది తుప్పుదో ఏది డీజిల్‌దో దానికి తెలిసే మార్గం లేదు. నిరోధం పెరిగితే ఖాళీ వైపు పోయే గేజి అయితే నిండు ట్యాంకును కూడా ముప్పావుగా, సగంగా చూపిస్తుంది. చాలామంది ఇక్కడే కొత్త గేజి కొంటారు. ఎమెరీ కాగితంతో బోల్టు చుట్టూ గీకి, కొత్త వాషరు వేసి, ట్యాంకు యూనిట్ పై రేకు నుంచి ఛాసిస్‌కు విడిగా ఒక వైరు లాగితే సరిపోయే పని అది.

ఆ తర్వాతది ఫ్లోటు. ఇత్తడి ఫ్లోటుకు సన్నని పగులు వస్తే లోపలికి డీజిల్ ఎక్కి అది మునుగుతుంది. విప్పి చెవి దగ్గర ఊపితే లోపల డీజిల్ కదిలే చప్పుడు వినపడుతుంది. మునిగిన ఫ్లోటు ఎప్పుడూ ఖాళీ అనే చెబుతుంది. ట్యాంకు నిజంగా ఖాళీ అయినప్పుడు కూడా ఖాళీ అనే చెబుతుంది, అప్పుడు అది చెప్పింది నిజమే. నిండు దగ్గర ఇరుక్కుపోయిన ముల్లు కూడా అంతే, ట్యాంకు నింపిన ప్రతిసారీ నిజమే చెబుతుంది. కొన్నిసార్లు నిజం చెప్పడం ప్రమాణం (నమ్మదగిన జ్ఞానసాధనం) కావడానికి చాలదన్న సంగతిని బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు చాలా పదునుగా స్థాపించాడు. హేతువుకు మూడు లక్షణాలు ఉండాలన్నాడు: అది పక్షంలో (నిశ్చయించే చోట) ఉండాలి, సాధ్యం (నిశ్చయించవలసిన వస్తువు) ఉన్న ఇతర చోట్ల ఉండాలి, సాధ్యం లేని చోట ఉండనే ఉండకూడదు. ఇరుక్కున్న ముల్లు మూడో లక్షణం దగ్గర ఓడిపోతుంది. నిండుగా లేనప్పుడు కూడా అది నిండు దగ్గరే ఉంది. గుర్తుకు విలువ వచ్చేది అది కనపడటంలో కాదు, కనపడకూడని చోట కనపడకుండా ఉండటంలో. ఈ దిఙ్నాగుడు హేతువిద్య మీద ఒక గ్రంథాన్ని వేంగి నగరానికి దగ్గరలోని ఒక కొండ మీద రచించాడని 7వ శతాబ్దంలో ఆంధ్రదేశం వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. ఖమ్మం సరిహద్దు నుంచి వేంగి ప్రాంతం పెద్ద దూరం కాదు.

మరో రకం తప్పు ఉంది, అది మార్పిడి పని సగంలో పుడుతుంది. గేజికీ ట్యాంకు యూనిట్‌కూ మధ్య ఒప్పందం ప్రపంచమంతటా ఒకటి కాదు. అమెరికాలో ఫోర్డ్, క్రైస్లర్ బండ్లు చాలాకాలం ఖాళీకి 73 ఓములు, నిండుకు 10 ఓములు వాడాయి. జనరల్ మోటార్స్ వాడినది దీనికి ఎదురు: ఖాళీకి 0, నిండుకు 90. ఏ బండికైనా సరిపోతాయని విడిగా అమ్మే యూనిట్లలో ఖాళీకి 240, నిండుకు 33 ఎక్కువగా కనిపిస్తుంది. ఐరోపా గేజిల్లో 10 నుంచి 180 వరకు సాగేవి ఉన్నాయి. పాత గేజి ఉంచి దానికి పొసగని యూనిట్ బిగిస్తే వైర్లన్నీ సరిగా ఉన్నా, భాగాలు రెండూ మంచివైనా ముల్లు అబద్ధమే చెబుతుంది. ఎదురు జాతివి కలిస్తే డీజిల్ తగ్గేకొద్దీ ముల్లు పైకి లేస్తుంది. సాధించవలసిన దానికి సరిగ్గా వ్యతిరేకమైన దాన్ని సాధించే హేతువును అన్నంభట్టు విరుద్ధం అన్నాడు. శబ్దం నిత్యం, ఎందుకంటే అది పుట్టించబడింది అనే పాత ఉదాహరణ విద్యార్థులకు అంత తేలిగ్గా ఒంటపట్టదు. పుట్టినదేదైనా అనిత్యం కదా, ఆ హేతువు అనిత్యత్వాన్నే సాధిస్తుంది. తిరగబడిన గేజిని ఒక్కసారి చూసినవాడికి విరుద్ధ హేతువు జీవితాంతం గుర్తుంటుంది. కొనేముందు రెండు భాగాల ఓముల లెక్క కలిపి చూడాలి. వీలైతే రెండూ జతగా కొనడమే మేలు.

తప్పు ఎక్కడుందో కనుక్కోవడం ఒక క్రమం ప్రకారం జరుగుతుంది. ముందుగా ఇంజను వేడి చూపే ముల్లును గమనిస్తారు. రెండు ముళ్ళూ ఒకే సమయంలో దారి తప్పితే సందేహం స్టెబిలైజరు మీదికి పోతుంది. డీజిల్ ముల్లు ఒక్కటే చెడితే ట్యాంకు యూనిట్ దగ్గర వైరు ఊడదీస్తారు. తాళం తిప్పి ఉండగా ఆ వైరు గాలిలో ఉంటే ముల్లు ఒక కొసకు పోవాలి, వైరు కొసను శుభ్రమైన ఛాసిస్‌కు క్షణంపాటు తాకిస్తే రెండో కొసకు రావాలి. 73–10, 240–33 జాతుల్లో గాలిలో ఉంటే ఖాళీ, తాకితే నిండు. ఎక్కువసేపు తాకించి ఉంచితే లోపలి సన్నని తీగ కాలే ప్రమాదం ఉంది. ముల్లు రెండు కొసలకూ సరిగా వెళ్తే గేజి మంచిదే, వైరూ మంచిదే, దోషం ట్యాంకు దగ్గర. కదలకపోతే దోషం గేజిలోనో వైరులోనో. ఇక ట్యాంకు యూనిట్‌ను బయటికి తీసి, మల్టీమీటరు రెండు కొసలు పెట్టి, చేత్తో ఫ్లోటును నెమ్మదిగా కింది నుంచి పైకి లేపుతారు. అంకె ఒక వరసలో మారుతూ పోవాలి. మధ్యలో ఎక్కడైనా ఎగిరినా, మాయమైనా తీగచుట్ట ఆ చోట అరిగిందని అర్థం. తరచూ సగం ట్యాంకుతోనే తిరిగిన బండిలో అరుగుదల ఆ నడిమి భాగంలోనే ఉండటం సహజం.

ఈ పరీక్ష ఒక పాత వివాదాన్ని ముందుకు తెస్తుంది. ఒక జ్ఞానం నిజమైనదని ఎలా తెలుస్తుంది? 7వ శతాబ్దపు కుమారిల భట్టు మొదలైన మీమాంసకులు జ్ఞానానికి ప్రామాణ్యం తనంతట తానే ఉంటుందన్నారు. కలిగిన జ్ఞానాన్ని నమ్మడం సహజం, దాన్ని వదులుకోవడానికే కారణం కావాలి. తర్వాత దానికి అడ్డుపడే జ్ఞానం కలగాలి, లేదా దాన్ని కలిగించిన సాధనంలో దోషం బయటపడాలి. న్యాయ సంప్రదాయానికి చెందిన నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. ప్రామాణ్యం బయటినుంచి తెలియాలన్నారు. నీళ్ళని తోచినచోటికి వెళ్ళి, తాగి, దప్పిక తీరితేనే ఆ తోచడం నిజమని తేలుతుంది.

డ్రైవరు బతుకు మీమాంసకుడి పక్షాన ఉంది. ప్రతి ఉదయం ముల్లును శంకిస్తూ కూర్చుంటే బండి షెడ్డు దాటదు. నమ్మి బయలుదేరతాడు, దారిలో ఇంజను దగ్గి ఆగిన రోజున నమ్మకం తెగుతుంది. మెకానిక్ బతుకు నైయాయికుడి పక్షాన ఉంది. అతడి ముందుకు వచ్చేసరికి నమ్మకం అప్పటికే తెగి ఉంటుంది, కనుక అతడు ఫలం చూస్తే తప్ప ఒప్పుకోడు. అడవి అంచున బండి నడిపే మనిషి విషయంలో మీమాంసకుడి మాట ఒక్కటే చాలదని గట్టిగా చెప్పవలసి ఉంటుంది. అడ్డుపడే జ్ఞానం కలిగేవరకు నమ్మవచ్చు అన్న సూత్రంలో, ఆ జ్ఞానం ఏ చోట, ఏ వేళ, ఎవరి ప్రాణం మీదికి తెస్తూ కలుగుతుందన్న లెక్క లేదు. బంకు పక్కనే కలిగితే అది పాఠం. చర్ల అవతల వాగు ఒడ్డున, రాత్రిపూట కలిగితే అది ఆపద.

అనుమానాన్నే ఒప్పుకోని చార్వాకుడి దారి ఒకప్పుడు జీపులో నిజంగా సాధ్యమయ్యేది. పాత విల్లీస్ జీపుల్లో ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉండేది. సీటు ఎత్తి, మూత తీసి, పుల్ల ముంచి చూస్తే అది ఎంతవరకు తడిసిందో కంటికే కనపడేది. ప్రత్యక్షం తప్ప మరేదీ అక్కర్లేదు. ట్యాంకు బండి వెనక్కి, కిందికి జరిగి, పోసే గొట్టం వంకర తిరిగాక పుల్ల దిగదు. అయినా పుల్ల కూడా పూర్తి ప్రత్యక్షం కాదు. తడిసిన గీత ఎత్తు చెబుతుంది, లీటర్లు చెప్పదు. ట్యాంకు కింద ఇరుకుగా, పైన వెడల్పుగా ఉంటే సగం ఎత్తులో సగం డీజిల్ ఉండదు. ఎత్తు నుంచి లీటర్లకు వెళ్ళడం మళ్ళీ అనుమానమే.

మల్టీమీటరుతో గేజిని పరీక్షించామన్నప్పుడు, మల్టీమీటరును దేనితో పరీక్షించాలి? నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో సరిగ్గా ఈ మాట అడిగాడు. వస్తువులు ప్రమాణాల వల్ల సిద్ధిస్తే ప్రమాణాలు దేనివల్ల సిద్ధిస్తాయి? మరో ప్రమాణం వల్లనంటే దానికి మరొకటి కావాలి, అంతు ఉండదు. దేనివల్లా కాదంటే ఆ నియమం ప్రమాణాలకు మాత్రమే ఎందుకు సడలిందో చెప్పాలి. న్యాయసూత్రాలు ఈ ప్రశ్నకు త్రాసును చూపించి బదులిస్తాయి. త్రాసు బంగారాన్ని తూచే సాధనం. దాని మీద సందేహం వస్తే, తూకం ముందే తెలిసిన బంగారంతో దాన్నే పరీక్షకు పెట్టవచ్చు. ప్రమాణం అన్నది ఒక వస్తువుకు శాశ్వతంగా పట్టం కట్టిన పదవి కాదు. ఒక పనిలో కొలిచేది మరో పనిలో కొలవబడుతుంది. నాగార్జునుడికి ఇది పూర్తి జవాబు కాదని ఆయన సంప్రదాయంలోని మాధ్యమికులు అంటారు, ఆ అనడంలో బలం ఉంది. పరమార్థంలో ఆధారం దొరకదన్నదే వారి వాదం కనుక, త్రాసు ఉదాహరణ వ్యవహారాన్ని దాటి పోలేదు. కానీ గేజి వ్యవహారంలోనిదే. అక్కడ న్యాయం చెప్పింది నిలుస్తుంది: బంకులో ముద్రవేసి తనిఖీ చేసిన పంపు నుంచి కొలిచి పోసిన పది లీటర్లు, ముల్లు చెప్పే మాటకు తెలిసిన తూకపు బంగారం లాంటివి.

భద్రాచలం ఊరికి కొలమానం మీద నమ్మకం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదయ్యాయి. ఆ అంకెల మీద ఊళ్ళు ఖాళీ అవుతాయి, బడులు పునరావాస కేంద్రాలవుతాయి, ఆ సమయంలో లోతట్టు గూడేలకు వెళ్ళేది ఈ జీపులే. గోదావరి అంకెకు ఉన్న గొప్ప బలం ఒకటుంది. అది ఒక మనిషి తలలో ఉండదు. రాతి మెట్ల మీద, కొలబద్దల మీద గీతలుగా ఉంటుంది. కొత్తగా వచ్చిన ఉద్యోగి కూడా, ఊరి పిల్లవాడు కూడా చదవగలడు.

గేజి మార్చడంలో అసలు ప్రశ్న ఇక్కడుంది. పాత డ్రైవరుకు గేజి అవసరమే లేదనిపిస్తుంది. ముల్లు పావు చూపితే నిజానికి సగం ఉన్నట్టు అని అతడికి తెలుసు. భద్రాచలంలో నింపితే చింతూరు పోయి రావచ్చని, అక్కడి నుంచి ఘాట్ ఎక్కితే ఇంకో పది లీటర్లు కావాలని తెలుసు. ట్యాంకు మీద పిడికిలితో కొట్టి, మోగే చప్పుడును బట్టి ఎంతుందో చెప్పగలడు. ఇది ఊహ కాదు, నిజమైన జ్ఞానం. ఎప్పుడూ ఒకే తీరుగా తప్పు చూపే గేజి, ఆ తీరు తెలిసినవాడికి సరైన గేజితో సమానం. వ్యాప్తి ఉంది, హేతువు ఉంది, నిశ్చయం ఉంది. మరి మార్చడం ఎందుకు?

అన్నంభట్టు అనుమానాన్ని రెండుగా విభజించాడు. తన కోసం చేసుకునేది స్వార్థానుమానం. ఇక్కడ ఆ మాటకు స్వలాభమన్న అర్థం లేదు. వంటింట్లోనూ మరెన్నో చోట్లా పొగనూ నిప్పునూ కలిపి పదేపదే చూసినవాడు, కొండ మీద పొగ కనపడగానే తనలో తాను నిశ్చయించుకుంటాడు. మాటలు అక్కర్లేదు. ఇతరుల కోసం చేసేది పరార్థానుమానం. దానికి ఐదు అవయవాలు కావాలి: ఏం చెప్పదలిచామో, ఎందుకో, ఏ ఉదాహరణ వల్లనో, అది ఇక్కడ ఎలా వర్తిస్తుందో, చివరికి ఏం తేలిందో వరుసగా చెప్పాలి. ఆ చెప్పింది విన్నవాడికి కూడా నిశ్చయం కలగాలి. నైయాయికులు ఈ రెండో రకాన్ని మొదటిదానికి మాటల తొడుగుగా మాత్రమే చూడలేదు. వాదంలో, సభలో, న్యాయస్థానంలో మనిషి మనిషికి జ్ఞానాన్ని అందించే మార్గం అదే.

పాత డ్రైవరు పిడికిలి చప్పుడు స్వార్థానుమానం. అతడు జ్వరపడి, మరొకడు తాళం తీసుకున్న రోజున ఆ జ్ఞానం మొత్తం ఇంట్లో మంచం మీద ఉండిపోతుంది. బండిలో మిగిలేది పావు దగ్గర ఆగిన ముల్లు, దాన్ని అదే మాటగా నమ్మే కొత్త మనిషి. పాత బండ్లు చేతులు మారుతూనే ఉంటాయి. ఒక శాఖ నుంచి వేలంలో కొన్నవాడు, అతడి దగ్గర అద్దెకు తీసుకున్నవాడు, అతడి బావమరిది. ప్రతి మార్పిడిలోనూ ముల్లు పాత అబద్ధాన్నే చెబుతుంది, దాన్ని సరిదిద్దే నోటిమాట మాత్రం వెంట రాదు. సరైన గేజి పరార్థానుమానాన్ని ఇనుములో, రాగిలో పోత పోసిన రూపం. చదవడం వచ్చిన ఎవరికైనా అది ఒకే మాట చెబుతుంది. గేజి మార్చేవాడు తనకు ముందే తెలిసినదాన్ని తర్వాత వచ్చేవాడికి అందుబాటులో పెడుతున్నాడు. ఈ పనిని మరమ్మతు ఖర్చుగా కాక ధర్మంగా చూడవలసిన కారణం అదే. తనకు తెలిసి ఉండటం తన అవసరాన్ని తీరుస్తుంది, ఇతరుల పట్ల బాధ్యతను తీర్చదు.

భక్తి ఈ బాధ్యతను సడలిస్తుందా అన్న ప్రశ్న భద్రాచలంలో రాకుండా పోదు. బండి ముందు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతాయి, సీతారాముల పటం అద్దానికి అతికి ఉంటుంది, పర్ణశాల దారిలో కొబ్బరికాయ కొట్టనిదే కదలనివాళ్ళు ఉన్నారు. రాముడే చూసుకుంటాడన్న మాట నోటినిండా వస్తుంది. ఆ మాటలో ఉన్న శరణాగతి నిజమైనది, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ భగవద్గీత 18వ అధ్యాయం ఏ కర్మ సిద్ధించాలన్నా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, నానావిధ చేష్టలు, ఐదవది దైవం. కరణాలు అంటే సాధనాలు. అవి దైవానికి పోటీగా లేవు, దైవంతో ఒకే వరుసలో ఉన్నాయి. మొదటి నాలుగింటిని వదిలేసి అయిదోదాని మీద భారమంతా మోపడం గీత చెప్పిన మార్గం కాదు.

రామదాసు కథలోనే దీనికి ఇంకా దగ్గరి సాక్ష్యం ఉంది. రామదాసుగా పేరుపొందిన కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండగా సర్కారు పైకంతో భద్రాద్రి ఆలయం కట్టించి, గోల్కొండలో తానీషా చెరసాలలో పడ్డాడు. పైకం రాముడి పనికే పోయిందని గోపన్నకు తెలుసు, అందులో అతడికి ఆవగింజంత సందేహం లేదు. కానీ అది ఖజానా లెక్కలో కనపడలేదు. సంప్రదాయ కథనం ప్రకారం రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ పేర్లతో రాత్రివేళ తానీషా దగ్గరికి వెళ్ళి ఆరు లక్షల మొహరీలు చెల్లించారు. చెల్లించి ఊరుకోలేదు. రసీదు అడిగి తీసుకున్నారు, దాన్ని గోపన్న దగ్గర పెట్టి వెళ్ళారు. కథ చెప్పేవాళ్ళు రాముడి దయను చెప్పి రసీదును ఒక్క మాటలో దాటేస్తారు, అది దాటేయవలసింది కాదు. స్వామికీ భక్తుడికీ మధ్య రుజువు అవసరం లేదు. కొలువుకూ ఉద్యోగికీ మధ్య మాత్రం, మూడో మనిషి చదవగలిగిన గుర్తు కావాలి. ఆ గుర్తు లేనిదే విడుదల లేదని ఆ కథ స్వామి చేతనే చెప్పించింది.

మార్పిడి పని ఇలా సాగుతుంది. ముందు బ్యాటరీ ఎర్త్ వైరు విప్పుతారు. జిప్సీ లాంటి పెట్రోలు బండి అయితే పని ఆరుబయట చేయాలి, చుట్టుపక్కల బీడీ కూడా ఉండకూడదు. ట్యాంకులో అడుగున కొద్దిగా తప్ప మిగతా అంతా దించేస్తారు. ట్యాంకు యూనిట్ చుట్టూ పేరుకున్న ఎర్రమట్టిని ముందే బ్రష్షుతో, గాలితో పూర్తిగా పోగొట్టాలి, లేకుంటే విప్పగానే అదంతా లోపలికి రాలుతుంది. స్క్రూలు తుప్పుపట్టి ఉంటాయి కనుక ముందురోజే నూనె వేసి ఉంచడం మంచిది. యూనిట్‌ను తీసేటప్పుడు కమ్మీ ఏ వైపు తిరిగి ఉందో గుర్తు పెట్టుకుంటారు. కొత్తది అదే దిక్కులో దిగాలి, ట్యాంకు లోపలి అడ్డురేకులకు ఫ్లోటు తగలకూడదు. ఏ బండికైనా సరిపోతుందని అమ్మే యూనిట్ అయితే ట్యాంకు లోతు కొలిచి కమ్మీ పొడవును దానికి సరిచేయాలి. పొడవు తప్పితే ఫ్లోటు అడుగు చేరకముందే ఆగుతుంది, లేదా పైకి లేవకముందే ఆగుతుంది. పాత గ్యాస్కెట్ మళ్ళీ వాడకూడదు. అది కారితే ఘాట్‌లో డీజిల్ వాసన, పెట్రోలు బండిలో అంతకంటే పెద్ద ప్రమాదం. పై రేకు నుంచి ఛాసిస్‌కు విడిగా ఎర్త్ వైరు బిగించి, ఆ తర్వాతే గేజి వైరు కలుపుతారు. ట్యాంకు మూసేముందు ఫ్లోటును చేత్తో లేపి దింపి, డాష్‌బోర్డులో ముల్లు కదలికను ఇంకొకరి చేత చూపించుకుంటే తర్వాత మళ్ళీ విప్పే పని తప్పుతుంది.

అంతటితో గేజి బిగించడం అయింది కానీ ప్రమాణం ఇంకా కాలేదు. చదునైన చోట బండి నిలిపి, బంకులో ఐదేసి లీటర్ల చొప్పున పోస్తూ, ప్రతి పోతకూ ముల్లు ఎక్కడ నిలిచిందో రాసుకోవాలి. పట్టీ వేడెక్కి ముల్లు స్థిరపడేదాకా ప్రతిసారీ ఆగాలి. జిప్సీ ట్యాంకు 40 లీటర్లది, ఎనిమిది పోతల్లో పూర్తవుతుంది. వచ్చే అంకెల మధ్య ఎడాలు సమానంగా ఉండవు, ట్యాంకు ఆకారం అందుకు ఒప్పుకోదు. ఖాళీ గీత దగ్గర నిజంగా ఎన్ని లీటర్లు మిగులుతాయో తప్పనిసరిగా తెలియాలి. అడవి దారి బండికి ఆ గీత పూర్తి ఖాళీ దగ్గర కాక, దగ్గరి బంకు చేరడానికి సరిపడా డీజిల్ ఉండగానే రావాలి. అందుకు కమ్మీని కొద్దిగా వంచి సరిచేసేవాళ్ళు ఉన్నారు. ఈ అంకెలను ఒక చిన్న కాగితం మీద స్పష్టంగా రాసి, తడవకుండా టేపు వేసి, గేజి కింద అతికించాలి. లాగ్‌బుక్కు ఉన్న బండి అయితే అందులో కూడా మార్చిన తేదీ, యూనిట్ ఓముల శ్రేణి, లీటర్ల వరుస రాయాలి. తర్వాత విప్పే మెకానిక్‌కు మొదట కావలసింది ఆ ఓముల లెక్కే. గతుకుల దారిలో వారం తిరిగాక ఎర్త్ బోల్టును మరోసారి బిగించి, ముల్లు నిండు దగ్గర ఉన్నప్పుడు ఒకసారి, పావు దగ్గర ఉన్నప్పుడు ఒకసారి పోసిన లీటర్లతో కాగితంలోని అంకెను సరిచూసుకుంటే పని పూర్తవుతుంది.